ఇంగ్లీషులో అంటే బూతు కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న బజార్లో ఒక బట్టల షాపుకి వెళ్తే ఆరేడేళ్ల పిల్లలు వేసుకునే టీషర్టు మీద తళతళలాడే అక్షరాలతో డబ్ల్యూటీఎఫ్ అని ఉంది. ఇదేంటండీ అంటే "ఫ్యాషన్ మేడమ్, బాగా పోతున్నాయ్" అన్నాడు షాపాయన.

ఆ మూడోఅక్షరం పూర్తిగా రాస్తే మీరు పేపర్లో వెయ్యలేరు. నమ్మలేనిది చూసినప్పుడు "ఇదేంట్రా" అనటానికి పచ్చిబూతు కలిపి అనే మాట అది. ఇప్పటి పిల్లలు వాట్సాప్‌లో పుట్టించారు అనుకుంటున్నారు చాలామంది, కాదండీ, 1985లోనే అమెరికాలో యూజ్‌నెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఇలా పొట్టిగా రాశారు, అంతకుముందు రెండో ప్రపంచయుద్ధం టైంలో వాళ్ల సైనికులు స్నాఫూ అని పొడి అక్షరాలతో ఒక మాట వాడేవాళ్లు, అందులోనూ ఇదే బూతు ఒక్క అక్షరం చాటున ఉంది.

1973లో తైక్వాండో అనే కొరియా యుద్ధకళకి వరల్డ్ తైక్వాండో ఫెడరేషన్ పెట్టినప్పుడు దాని పొడి అక్షరాలూ డబ్ల్యూటీఎఫే, వాటికి ఎవరూ తప్పర్థం తీయలేదు. తర్వాత ఆన్‌లైన్లో అర్థం మారిపోయేసరికి 2017లో పేర్లోంచి ఫెడరేషన్ తీసేసి వరల్డ్ తైక్వాండో అయిపోయారు, అన్ని దేశాల్లో, మన ఊళ్లలో కూడా పిల్లలు నేర్చుకునే ఆట కదా మరి. అమెరికాలో విస్కాన్సిన్ టూరిజం ఫెడరేషన్ కూడా ఇదే కారణంతో 2009లో పేర్లో మాటలు అటూఇటూ మార్చుకుంది.

మన దగ్గర చూస్తే, పిల్లాడు ఆశ్చర్యపోయి "నీయవ్వ" అన్నాడంటే వీపు విమానం మోత మోగిస్తారు, వాడే డబ్ల్యూటీఎఫ్ అంటే ఇంగ్లీష్ బాగా వస్తోందని మురిసిపోతారు. రెండూ తిట్లే, రెండూ ఆశ్చర్యానికి వాడేవే, ఇంట్లో పెద్దవాళ్లకి ఒకటి చెవిలో గుచ్చుకుంటుంది, రెండోది గుచ్చుకోదు, అంతే తేడా. యూట్యూబ్ వాళ్లు సరే, పేరున్న టీవీ చానళ్లు కూడా స్క్రోలింగుల్లో వేసేస్తుంటే నాకు చాలా బాధగా ఉంది.

పిల్లల్ని కొట్టమని నేను అనట్లేదు. ఎయిత్, నైన్త్ పిల్లలకి టీచర్లు దాని అర్థం ఉన్నదున్నట్టు చెప్పాలి, చెప్తే చాలామంది వాళ్లే మానేస్తారు, అర్థం తెలీకుండా అనేవాళ్లే ఎక్కువ. షాపులవాళ్లు పిల్లల సైజుల్లో అలాంటివి తెప్పించొద్దు. మీ సినిమా పేజీ హెడ్డింగుల్లో కూడా ఆ మూడక్షరాలు రాకుండా చూడండి, మా ఇంట్లో పేపర్ మొదట చదివేది ఐదో క్లాసు పాప.

- ఒక తల్లి, ఖమ్మం