తుఫాను ఎలా పుడుతుందంటే

పిల్లలూ, తుఫాను ఎలా పుడుతుందని క్లాసులో మీరు అడిగినదానికి జవాబు ఇది. బంగాళాఖాతంలో పైనీళ్ల వేడి సుమారు 26.5 డిగ్రీలు దాటితే ఆవిరి బాగా లేస్తుంది. అది పైకెళ్లి చల్లబడి మబ్బు కట్టేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. తుఫానుకు బలం ఆ వేడే. దాంతో గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి అక్కడికి పరుగెడుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా రాలేక గడియారం ముల్లుకు ఎదురుదిశలో సుడి తిరుగుతుంది.

1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టింది ఇలాంటి తుఫానే. మీ తాతయ్యల్ని, నానమ్మల్ని అడగండి, చెబుతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. తుఫాను కన్ను, అంటే సుడి నడిమధ్యన గాలి నెమ్మదిగా ఉండే చోటు, ఊరి మీదికి వస్తే గాలి ఉన్నట్టుండి తగ్గిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి రావద్దు. కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా కొడుతుంది.