కిటికీ పక్క మంచం ఇప్పించిన సిస్టర్ గారికి, మిగతా అందరికీ

పదకొండు నెలల తర్వాత నిన్న సాయంత్రం మళ్ళీ షటిల్ కోర్టులో అడుగుపెట్టాను. డబుల్స్, ఒకే ఒక్క గేమ్. 21-14తో ఓడిపోయాం. అయినా ఇంటికొచ్చాక సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. నన్ను ఇక్కడిదాకా తెచ్చినవాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. విడివిడిగా చెప్పడం కన్నా నలుగురి ముందూ చెప్పడమే న్యాయం అనిపించి ఇది రాస్తున్నాను.

బండి మీద నుంచి పడి కుడికాలు మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. నొప్పి సంగతి అలా ఉంచండి, నన్ను నిజంగా కుంగదీసింది వేరే. రోజూ తెల్లారేసరికి కోర్టులో ఉండే మనిషిని, మంచినీళ్ళు తాగాలన్నా ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చేది. చూడటానికి వచ్చినవాళ్ళు "ధైర్యంగా ఉండు" అనేవారు. ప్రేమతోనే అనేవారు. కానీ ధైర్యంగా ఉండాలంటే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు.

మూడో రోజు రాత్రి గోడవైపు తిరిగి పడుకుని ఉంటే డ్యూటీలో ఉన్న సిస్టర్ గారు వచ్చి, "కిటికీ పక్క మంచం ఖాళీ అయింది, అక్కడికి మారండి" అన్నారు. నాకేం అక్కర్లేదన్నాను. ఆవిడ వినిపించుకోలేదు, ఇద్దరిని పిలిచి మార్పించేశారు. పొద్దున కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒక పెద్ద చెట్టు. కొమ్మ రెండుగా చీలినచోట కాకుల జంట గూడు కడుతోంది. పుల్లలు తెస్తాయని తెలుసు గానీ, వాటిలో ఒకటి తుప్పు పట్టిన ఇనప తీగ ముక్క తెచ్చింది. ముక్కుతో దాన్ని అటూ ఇటూ తిప్పి, వంకరగా ఉన్న కొసని పుల్లల మధ్య దూర్చి, మీద ఎక్కి తొక్కింది. తర్వాత తల వంచి ఒక కన్నుతో చూసుకుంది. నొప్పి మాత్ర వేసుకునే టైమ్ దాటిపోయిన సంగతి నాకు ఆ పూట గుర్తే రాలేదు.

డిశ్చార్జ్ అయ్యాక దీని గురించి చదివాను. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీసి, అన్ని రకాలా సరిపోయేవాళ్ళని జతలుగా పెట్టి చూశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు త్వరగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువే వాడారు. 46 మంది అంటే చిన్న లెక్కే. కానీ నాకు ఆ గోడా తెలుసు, ఆ చెట్టూ తెలుసు కాబట్టి పూర్తిగా నమ్ముతాను. సిస్టర్ గారు ఇది చదివారో లేదో తెలియదు. నా మొహం చూసి ఏం కావాలో కనిపెట్టారు, అంతే.

ఫిజియోథెరపిస్ట్ గారి గురించి చెప్పాలంటే ముందు ఒక తువ్వాలు గురించి చెప్పాలి. దాన్ని చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టి, కిందికి నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలమన్నారు. మొదటిరోజు ఎంత ప్రయత్నించినా తొడ కండరం ఉలుకూ పలుకూ లేదు. ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. మోకాలికి కాస్త పైన వేలు పెట్టి, "ఇక్కడ, ఈ వేలి కింద కదలాలి, ఇంకేం ఆలోచించకండి" అన్నారు. నాలుగో రోజు సన్నగా అదిరింది. నాకంటే ముందు ఆయన వేలికే తెలిసింది.

ఆట ఇక అయిపోయిందని నేను అన్న రోజున ఆయనే లుడ్విగ్ గుట్‌మన్ గురించి చెప్పారు. వెన్నెముక దెబ్బతిన్న సైనికులకి ఆటలనే చికిత్సగా ఇచ్చిన డాక్టర్. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, స్టోక్ మాండవిల్ ఆసుపత్రి దగ్గర చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందికి విలువిద్య పోటీ పెట్టారు. పారాలింపిక్స్‌కి బీజం అదే. అప్పటిదాకా నేను ముందు కాలు నయమవ్వాలి, తర్వాతే ఆట అనుకుంటూ ఉన్నాను.

అది విన్నాక మా కోర్టు మిత్రులకి ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చి కుర్చీతో సహా నన్ను తీసుకెళ్ళి నెట్ పక్కన కూర్చోబెట్టి స్కోరు చెప్పే పని అప్పగించారు. రెండు నెలలు ఆ పని నాదే. తప్పు చెబితే తిట్టారు కూడా! ఆ తిట్లకి ప్రత్యేకంగా థాంక్స్ రా, అప్పటికి నన్ను మామూలు మనిషిలా చూసింది మీరే. తర్వాత ఈతకొలనులో నడక నేర్పించిన కోచ్ గారికీ రుణపడి ఉన్నాను. నడుము లోతు నీళ్ళలో కాళ్ళ మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. కర్ర లేకుండా నా మొదటి అడుగు నీళ్ళలోనే పడింది.

ఇక మా ఎదురింటి డ్రాయింగ్ మాస్టారు. బొమ్మలు నాకు రావు అంటే, "వచ్చా రాదా అని నేను అడగలేదు బాబూ, చూస్తావా లేదా చెప్పు" అన్నారు. ఒక ఎండుటాకు నా చేతిలో పెట్టి, కాగితం వైపు చూడకుండా, పెన్సిల్ ఎత్తకుండా, ఆకు అంచు వెంట కన్ను ఎంత మెల్లగా కదిలితే గీత కూడా అంతే మెల్లగా కదలాలన్నారు. బొమ్మ ఆకులా రాలేదు. కానీ ఆ అరగంటలో ఆకు అంచున పురుగు కొరికిన నొక్కులు పదకొండు ఉన్నాయని తెలిసింది. ఎప్పుడు నడుస్తాను, ఉద్యోగం ఏమవుతుంది అనే టెన్షన్ ఆ అరగంట నా దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా మానలేదు. మాస్టారూ, కాలు బాగయ్యాక కూడా మానను. అది మీకిచ్చిన మాట.

మా ఇంట్లోవాళ్ళకి ఇక్కడ థాంక్స్ చెబితే కోప్పడతారు, అందుకని చెప్పడం లేదు.

సిస్టర్ గారూ, చెకప్‌కి వచ్చినప్పుడు మీ కోసం అడిగాను. వేరేచోటికి వెళ్ళిపోయారన్నారు. ఆ రాత్రి మీకు థాంక్స్ చెప్పకపోగా విసుక్కున్నాను, క్షమించండి. ఆ కాకి గూడుని గుర్తున్నంతవరకు గీశాను, తీగ ముక్కతో సహా. మూడుసార్లు చెరిపితే గానీ తీగ వంపు కుదరలేదు. అది మీ కోసమే పక్కన పెట్టాను. ఈ పోస్ట్ మీ కంటపడితే ఒక్క మాట చెప్పండి, నేనే నడిచి వచ్చి ఇస్తాను.