వార్షిక నివేదిక: ఖాళీ డిస్క్ జాగాతో మన సంఘం ఏడాది పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన లినక్స్ సంఘం సమావేశాల్లో ఎక్కువ సమయం తీసుకున్నది ఒకటే విషయం: హార్డ్ డిస్క్‌లో ఊరికే పడి ఉన్న జాగాను వాడుకలోకి తేవడం. కొత్త డిస్క్ బిగించినా ఫైల్ మేనేజర్‌లో కనిపించడం లేదని కొందరు వచ్చారు. పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేశాక మిగిలిన ఖాళీని ఏం చేయాలని మరికొందరు అడిగారు. ఇద్దరూ చేయాల్సింది ఒకటే: పార్టిషన్ (జాగాను భాగాలుగా విడదీయడం), ఫార్మాట్ (ఆ భాగాన్ని ఫైళ్లు దాచడానికి సిద్ధం చేయడం), మౌంట్ (దాన్ని ఒక ఫోల్డర్‌కు తగిలించి వాడుకలోకి తేవడం).

ఫార్మాట్‌కు సాధారణంగా క్షణాలే పడుతుంది. టెన్షన్ అంతా దానికి ముందే. డిస్క్‌లకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్ తర్వాత తారుమారు కావచ్చు. నిన్నటి పేరును నమ్మి ఎంకేఎఫ్ఎస్ (ఫార్మాట్ చేసే కమాండ్) కొడితే డేటా ఉన్న డిస్క్‌కే ఎసరు. అందుకని సహాయ శిబిరాల్లో ఒక నియమం పెట్టాం. డిస్క్‌ల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ చూపించే సైజు, మోడల్ పైకి చదివాకే తర్వాతి కమాండ్. బ్యాకప్ లేని డిస్క్‌ను వాలంటీర్లు ముట్టరు. ఇది చాదస్తమని కొందరు విసుక్కున్నారు, అయినా వచ్చే ఏడాదీ ఇదే నియమం.

డిస్క్‌లో ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసుకునే పట్టికే పార్టిషన్ టేబుల్. కొత్త డిస్క్‌లకు జీపీటీ రకం టేబులే సూచించాం. పాత రకమైన ఎంబీఆర్‌లో ప్రైమరీ (ప్రధాన) పార్టిషన్లు నాలుగే. పైగా డిస్క్ సెక్టార్లు (డేటాను లెక్కించే చిన్న ముక్కలు) 512 బైట్లవైతే సుమారు 2 టీబీ దాటిన జాగా దానికి అందదు.

ఏ ఫైల్ సిస్టమ్ (పార్టిషన్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) వాడాలన్న వాదన బాగానే నడిచింది. ఎక్స్‌ఎఫ్ఎస్ అభిమానులు గట్టిగానే మాట్లాడారు గానీ, దాన్ని పెంచగలం తప్ప మామూలుగా కుదించలేం. తర్వాత జాగా సర్దుకోవాల్సి వస్తుందనుకునే ఇంటి కంప్యూటర్‌కు ఈఎక్స్‌టీ4 నయమని కమిటీ అభిప్రాయం. విండోస్‌తో పంచుకునే డిస్క్ అయితే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. ఫ్యాట్32లో 4 జీబీ ఫైల్ పట్టదు.

పదేపదే వచ్చిన ప్రశ్న: "ఫార్మాట్ చేయగానే కొంత జాగా ఏమైంది?" ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతాన్ని రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) కోసం పక్కన పెడుతుంది. అంటే 1 టీబీ డిస్క్‌లో దాదాపు 50 జీబీ. సినిమాలు, ఫోటోలు మాత్రమే దాచే పార్టిషన్‌లో ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో దాన్ని 1 శాతానికి తగ్గించవచ్చు. సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో మాత్రం దాని జోలికి పోవద్దు.

కొత్త పార్టిషన్‌లో ఫైల్ రాయనివ్వడం లేదన్న ఫిర్యాదుకు కారణం దాని యజమాని రూట్ కావడమే. చోన్ కమాండ్‌తో మీ పేరుకు మార్చుకుంటే సరి. బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ కావాలో రాసుకునే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో డిస్క్ పేరు బదులు యూయూఐడీ (ఆ పార్టిషన్‌కే ప్రత్యేకమైన, రీబూట్‌తో మారని గుర్తింపు) రాయండి. సిస్టమ్‌కు అవసరం లేని డిస్క్ అయితే అది లేకున్నా బూట్ ఆగకుండా చూసే నోఫెయిల్ ఆప్షన్ కూడా చేర్చండి. ఆ ఆప్షన్ రాయకపోతే డిస్క్ ఊడదీసిన రోజు సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. రీబూట్ చేయకముందే "మౌంట్ మైనస్ ఏ" (ఆ ఫైల్‌లో ఉన్నవాటిని మౌంట్ చేసే కమాండ్) కొట్టి చూస్తే తప్పు అక్కడే బయటపడుతుంది.

పార్టిషన్లను బొమ్మలా చూపి మార్చనిచ్చే జీపార్టెడ్‌లో ఖాళీ జాగా పార్టిషన్‌కు ఎడమవైపు ఉంటే దాన్ని కలపడానికి డేటా మొత్తం జరగాలి. అది గంటలు పట్టే పని, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. అలాంటివాటిని శిబిరంలో చేపట్టలేం. ఆ ఖాళీని వేరే పార్టిషన్‌గా వాడుకోమని చెప్పి పంపాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది ఎల్‌వీఎం (డిస్క్ జాగాను కలిపి, అవసరాన్ని బట్టి పంచుకునే లినక్స్ పద్ధతి) మీద శిక్షణ పెడుతున్నాం. నేర్పడానికి ముందుకొచ్చే సభ్యులు కార్యదర్శికి పేరివ్వగలరు.