కెటలిస్ట్ అనే మాట గురించి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కెటలిస్ట్ అనే మాటకు నిఘంటువులో ఉత్ప్రేరకం అని ఉందనీ, అది చూశాక కూడా ఆ మాటను ఒక వాక్యంలో ధైర్యంగా వాడలేకపోతున్నావనీ రాశావు. నాకు ఎంతో ఇష్టమైన మాట గురించే అడిగావు కనుక, కాస్త తీరిగ్గా, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

నిర్వచనాన్ని కాసేపు పక్కన పెట్టి ఒక రసాయన చర్యను దగ్గరగా చూద్దాం. గాయాలు శుభ్రం చేయడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం సీసాలో ఉన్నప్పుడు కూడా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటుంది. కాకపోతే అది ఎంత మెల్లగా జరుగుతుందంటే, మన కంటికి ఏ మార్పూ కనిపించదు. ఆ ద్రావణాన్ని కొద్దిగా పరీక్షనాళికలో పోసి, చిటికెడు నల్లని మాంగనీస్ డై ఆక్సైడ్ పొడి వేస్తే, వేసీ వేయగానే బుడగలు బుసబుసమంటూ పైకి లేస్తాయి, నాళిక వెచ్చబడుతుంది, మంట ఆర్పేసి కొసన నిప్పు మాత్రం మిగిల్చిన పుల్లను నాళికలో పెడితే అది మళ్లీ భగ్గుమంటుంది. బుడగలన్నీ ఆగాక ద్రవాన్ని వడగట్టి, మిగిలిన నల్లపొడిని కడిగి, పూర్తిగా ఆరబెట్టి తూచితే, మొదట ఎంత వేశామో అంతే తూగుతుంది. దాన్నే మరో నాళికలో వేస్తే మళ్లీ అదే పని చేస్తుంది. ఆ నల్లపొడే ఇక్కడ కెటలిస్ట్.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనకుండానే వేగం పెంచుతుందని చెబుతుంటారు. పాఠాలు వల్లె వేయించేటప్పుడు కూడా ఈ మాట వినిపిస్తుంది. ఇది సరికాదు. ఉత్ప్రేరకం చర్యలో నిండా మునుగుతుంది, పని ముగిశాక తిరిగి తన రూపానికి వస్తుంది. ఎరువుల కోసం నైట్రోజన్‌నూ హైడ్రోజన్‌నూ కలిపి అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో ఇనుము ఉత్ప్రేరకం. నైట్రోజన్ అణువులోని రెండు పరమాణువులనూ బిగించి ఉంచేది త్రిబంధం, అంటే మూడు బంధాల ముడి. దాన్ని విడగొట్టడం చాలా కష్టం. నైట్రోజన్ ఇనుము ఉపరితలానికి అతుక్కున్నప్పుడు ఆ బంధం సడలి తెగుతుంది, విడిపోయిన పరమాణువులకు హైడ్రోజన్ ఒక్కొక్కటిగా చేరుతుంది, తయారైన అమ్మోనియా ఉపరితలాన్ని వదిలి వెళ్లిపోతుంది, ఖాళీ అయిన చోటికి మరో నైట్రోజన్ అణువు వస్తుంది. అంటే ఉత్ప్రేరకం చర్యకు తక్కువ శక్తితో సాగే వేరే దారి చూపిస్తుంది. అందుకే ఉత్తేజన శక్తి, అంటే చర్య సాగడానికి కావలసిన కనీస శక్తి, తగ్గింది అంటాం.

ఇంత చేసినా దానికి ఒక హద్దు ఉంది, నా దృష్టిలో ఈ మాటకున్న అందమంతా ఆ హద్దులోనే ఉంది. అసలు జరిగే వీలు లేని చర్యను ఏ ఉత్ప్రేరకమూ జరిపించలేదు. రెండు వైపులా నడిచే చర్యలో ముందుకు వెళ్లే వేగాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో, వెనక్కి వచ్చే వేగాన్నీ అన్ని రెట్లే పెంచుతుంది కనుక, సమతాస్థితి, అంటే ఆ రెండు వేగాలూ సమానమయ్యే స్థితి, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. అక్కడికి త్వరగా చేరుకుంటాం, అంతే. ఇనుము ఉన్నంత మాత్రాన, ఆ ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర సమతాస్థితి అనుమతించిన దానికంటే ఒక్క గ్రాము అమ్మోనియా కూడా ఎక్కువ రాదు.

ఈ పేరు పెట్టినవాడు స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్. 1818లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కనుగొన్న ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త తెనార్, కొన్ని లోహాలు తాము మారకుండానే దాన్ని విడగొట్టడం గమనించాడు. 1823లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త డోబరైనర్ ప్లాటినం సాయంతో హైడ్రోజన్‌ను గాలిలో మండించాడు. విడివిడిగా పడి ఉన్న ఇలాంటి పరిశీలనలన్నింటి వెనుకా ఉన్నది ఒకే విషయమని 1835లో బెర్జీలియస్ గుర్తించి, గ్రీకు ధాతువు నుంచి కెటాలిసిస్ అనే మాటను తయారుచేశాడు. దాన్ని వేగానికి ముడిపెట్టి స్పష్టంగా నిర్వచించిన రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్‌కు 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. మన శరీరంలోని ఎంజైములు కూడా ఈ కోవలోనివే.

ఇక వాడుక సంగతి. ప్రక్రియ పేరు కెటాలిసిస్, క్రియాపదం కెటలైజ్, విశేషణం కెటలిటిక్. కార్ల పొగగొట్టంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలతో పనిచేసే పరికరాన్ని కెటలిటిక్ కన్వర్టర్ అనేది అందుకే. సీసం కలిసిన పెట్రోలు వాడితే ఆ సీసం లోహపు ఉపరితలాన్ని కప్పేసి కన్వర్టర్‌ను పనికిరాకుండా చేస్తుంది. దీన్ని ఉత్ప్రేరకానికి విషం ఎక్కడం అంటారు. శాస్త్రం బయట ఈ మాటను వాడేటప్పుడు కూడా పై లక్షణాలను గుర్తుపెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. "వరదకు భారీ వర్షమే కెటలిస్ట్" అని నువ్వు రాసిన వాక్యం నాకు సరిగా అనిపించలేదు, ఎందుకంటే వర్షమే వరదగా మారింది, అది వరదకు ముడిసరుకు. అగ్గిపుల్ల కూడా కెటలిస్ట్ కాదు. మంట మొదలవడానికి కావలసిన వేడిని అదే ఇస్తుంది, ఇచ్చి తానూ కాలిపోతుంది. అదే, ఎప్పటినుంచో కలిసి పనిచేయాలని ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోని రెండు పరిశోధక బృందాలను ఒక వ్యక్తి ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల పని ఊపందుకున్నాక మరో రెండు బృందాల దగ్గరికి వెళ్తే, ఆమెను కెటలిస్ట్ అనడం అన్నివిధాలా తగిన ప్రయోగం. పత్రికలు ప్రతి కారణాన్నీ కెటలిస్ట్ అనేస్తున్నాయి, ఇంగ్లిష్ నిఘంటువులూ ఆ విస్తృతార్థాన్ని అంగీకరించాయి, కనుక అలా రాసినవారిది తప్పనలేం. అయినా కారణం అంటే సరిపోయే చోట కారణమనే రాయడం మేలని నా అభిప్రాయం.

ఈ మాటతో సొంతంగా ఐదారు వాక్యాలు రాసి పంపు. ప్రతి వాక్యంలోనూ, ఆ పని ఉత్ప్రేరకం లేకపోయినా మెల్లగానైనా జరిగేదా, చివరికి ఉత్ప్రేరకం మిగిలిందా అని ముందు నువ్వే చూసుకో. అనుమానం ఉన్నవాటిని కొట్టేయకుండా అలాగే ఉంచు, వాటి గురించి వచ్చే ఉత్తరంలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మిత్రుడు