మా వాడి గొంతు మారిన కాలంలో చెయ్యి వదలని మాస్టారికి కృతజ్ఞతలు

విజయనగరంలో మా అబ్బాయికి సంగీతం చెబుతున్న మాస్టారికి అందరి ముందూ దణ్ణం పెట్టుకుందామని ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

పదమూడో ఏడు వచ్చేసరికి మా వాడి గొంతు బొంగురుపోయింది. అప్పటిదాకా ఐదు శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ స్థాయి పైకి వెళ్తుంది) హాయిగా పాడేవాడు కాస్తా తార షడ్జం, అంటే పై 'స' దగ్గరే కీచుమనేవాడు. అంతకుముందు నేర్చుకున్న చోట "గొంతు పోయిందమ్మా, రెండేళ్లు మానిపించండి" అన్నారు. దాంతో వాడు కూనిరాగం తీయడం కూడా మానేశాడు.

ఈ మాస్టారు మొదటిరోజు కీర్తనలేవీ పాడించలేదు. శ్రుతిపెట్టె పెట్టి, షడ్జం నుంచి కిందికి దిగమన్నారు. "మంద్ర పంచమం (కింది 'ప') ఇబ్బంది లేకుండా పలికిందా? ఈ వారానికి ఇదే నీ శ్రుతి" అన్నారు. అలా మూడుతో మొదలై, రెండుకి దిగి, ఇప్పుడు ఒకటిన్నర దగ్గర నిలబడింది. ఆ వయసులో మగపిల్లల స్వరతంత్రులు పొడుగూ మందమూ పెరుగుతాయి, అందుకే గొంతు దిగుతుంది, జబ్బేం కాదని వాడికే అర్థమయ్యేలా చెప్పారు. "1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊర్రా ఇది, నీ ఒక్కడికే మారిందేంటి గొంతు?" అని నవ్వించారు కూడా.

నేను వెనకాల చాప మీద కూర్చుని చూసేదాన్ని. ఆయన ఒకసారి పాడి చూపిస్తారు, ఆ తర్వాత నోరు మెదపరు. పిల్లలతో పాటు గంటంతా తామూ పాడేసే టీచర్లే ఎక్కువ. ఆ గొంతు చాటున పిల్లల తప్పు వినపడదు. తప్పినా మొదటికి వెళ్లమనరు, ఆ ముక్కకి రెండు స్వరాల ముందు నుంచి ఎత్తుకోమంటారు. శ్రుతి సరిచేస్తున్నప్పుడు తాళం ఊసెత్తరు. మాయామాళవగౌళ రాగంలో వాడి నిషాదం ('ని') కిందికి జారిపోయేది. "తప్పు" అనకుండా పై షడ్జం గట్టిగా పట్టించి, అక్కణ్ణించి కొద్దిగా దింపించేవారు: స ని స, స ని స. కాసేపటికి చెవే దారి చూసుకునేది.

గొంతు బొత్తిగా పెగలని రోజుల్లో క్లాసు ఎగ్గొట్టనివ్వలేదు. ఆదితాళం వేస్తూ, లఘువుకి ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండు ద్రుతాలు (ఒక్కోటి ఒక దెబ్బ, ఒక తిప్పు), మోహన రాగంలోని వర్ణం (కీర్తనలకు ముందు నేర్పే రచన) స్వరాలన్నీ మాటల్లా చదివించారు. అదే రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలోనూ. గొంతు కుదురుకునేసరికి వర్ణం వాడి చేతిలో ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. మేం ఎప్పుడు ముందుగా వెళ్లినా ఆయన సొంత సాధనలో ఉంటారు. అవే అలంకారాలు (తాళాల్లో చేసే స్వర సాధన), మా వాడు విసుక్కునేవే.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ. పాఠం ఫోన్లో రికార్డు చేసుకోనివ్వరు, ఇంటికెళ్లి వింటాంలే అని పిల్లలు ఇక్కడ చెవి మూసుకుంటారట. రెండు నిమిషాలైనా ఒప్పుకోవచ్చు కదా మాస్టారూ!

తెల్లారకుండానే జంట వరసలు (స స రి రి అంటూ చేసే సాధన) భరించిన పక్కింటి పిన్నిగారికీ థాంక్స్. ఈసారి పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో మా వాడి పేరు కూడా రాయించారు మాస్టారు. వీలున్నవాళ్లు రండి.