మీటరు పోతే కెమెరా పోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత ఫిల్మ్ కెమెరాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. వెలుతురు కొలిచే లైట్ మీటరు పనిచేయనివి ఇక అలమరలో అలంకారానికేనని తేల్చేశారు. తెనాలిలో స్టూడియో నడిపి రిటైరైన నాకు ఈ మాట మింగుడు పడలేదు. నేను పెళ్లిళ్లకు పట్టుకెళ్లిన యాషికా 635కి అసలు మీటరే లేదు. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ 3కీ లేదు. మరి అన్ని ఇళ్ల ఆల్బమ్‌లు ఎలా నిండాయి?

మంచి ఎండలో అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం, 16 పెట్టండి; అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. షట్టర్ స్పీడు, అంటే షట్టరు తెరుచుకుని ఉండే సమయం, ఫిల్మ్ ఐఎస్‌వోకు (ఫిల్మ్ వెలుతురుకు ఎంత చురుకో చెప్పే అంకెకు) దగ్గరిది: 100 ఫిల్మ్‌కు సెకనులో 125వ వంతు, 400కు 500వ వంతు. ఆ తర్వాత ఆకాశం చూడకండి, నేల మీద మనిషి నీడ చూడండి. అంచు కత్తితో కోసినట్టుంటే 16. అంచు మెత్తబడితే 11. నీడ లీలగా ఉంటే 8, అసలు పడకపోతే 5.6. ఎండ వేళే వేపచెట్టు నీడలో కూర్చోబెడితే 4. ఇలాంటి పట్టీ ఫిల్మ్ డబ్బాలోనే వచ్చేది, చదివినవాళ్లు తక్కువ గానీ.

నిజానికి ఒక విషయంలో మీటరు కన్నా నీడే నయం. కెమెరాలోని మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగే అనుకుంటుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా పెద్దాయన ఎదురుగా నిలబడ్డారా, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించమంటుంది. ముఖం నల్లబడుతుంది. నీడకు బట్టల రంగుతో పనిలేదు.

పైగా మీటరున్న పాత కెమెరాల్లో చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం సెల్లు కావాలి. అవి ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టుల సెల్లు వేస్తే సూది కదులుతుంది, చాలాసార్లు తప్పు చెబుతుంది. పిల్లలు దాని రిపేరుకు పోసే డబ్బు ఫిల్మ్ రోళ్ల మీద పెడితే మేలు.

కలర్ నెగెటివ్ ఫిల్మ్ ఒక స్టాపు ఎక్కువైనా, అంటే వెలుతురు రెట్టింపు పడినా ఓర్చుకుంటుంది. అందుకే సందేహమొస్తే వెలుతురు కాస్త ఎక్కువే ఇవ్వాలి. తెర మీద వేసి చూసే స్లైడ్ ఫిల్మ్‌కు ఆ ఓర్పు లేదు. దానికీ, కల్యాణ మండపం లోపలి దీపాలకూ మీటరు ఉండాల్సిందే. ఫోన్‌లో యాప్ చాలు, నేనూ అదే వాడతాను.

వీలైతే ఈ నీడల పట్టీని మీ అనుబంధంలో అచ్చువేయండి. కత్తిరించి కెమెరా సంచిలో పెట్టుకునేంత చిన్నదిగా ఉంటే చాలు.

– ఒక రిటైర్డ్ ఫొటోగ్రాఫర్, తెనాలి