తమ్ముడికి అక్క రాసిన లెక్కల ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మీ బావ, పిల్లలు, నేను బాగున్నాం. అమ్మానాన్నల ఆరోగ్యం బాగుందని మరదలు చెప్పింది. అంతకంటే కావలసింది లేదు.

నువ్వు ఫోన్లో మూడు క్రెడిట్ కార్డుల బాకీ సంగతి చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మళ్లీ ఫోన్లోనే మాట్లాడితే "సరే అక్కా, చూస్తాలే" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద ఉంటే నువ్వూ మరదలూ కలిసి చదువుకోవచ్చు, అంకెలు సరిచూసుకోవచ్చు. నిన్ను తప్పు పట్టాలని రాయడం లేదురా. నాన్న ఆపరేషన్‌కి అప్పటికప్పుడు డబ్బు కావాలంటే నీ చేతిలో ఉన్నది ఆ కార్డే. నీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఇక దాన్ని ఎలా తీర్చాలన్నదే ఇప్పుడు మన పని.

ఇక్కడ అమెరికాలో 2009లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ప్రతి కార్డు స్టేట్‌మెంట్ మీదా ఒక చిన్న పట్టిక వేయాలి. మినిమమ్, అంటే బిల్లులో ఈ నెలకి కనీసం ఇంత కట్టాలని చూపించే మొత్తం, అది మాత్రమే కడుతూ పోతే ఈ బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుంది, మూడేళ్లలో తీరాలంటే నెలకి ఎంత కట్టాలి అని అందులో ఉంటుంది. మన దగ్గర రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల స్టేట్‌మెంట్‌లో ఒక హెచ్చరిక వాక్యం ఉంటుంది గానీ, నీ బాకీకి ఎన్నేళ్లో అంకె వేసి చెప్పరు. ఆ అంకె కనపడకపోవడమే అసలు ప్రమాదమని నాకనిపిస్తుంది. అందుకే నీ పట్టిక నేనే వేశాను.

మూడు కార్డులూ కలిపి బాకీ 3 లక్షలు అన్నావు. వడ్డీ నెలకి మూడున్నర శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. కార్డు వడ్డీకి జీఎస్టీ పడుతుంది, మామూలు బ్యాంకు లోను వడ్డీకి పడదు. అంటే వడ్డీ 10,500, జీఎస్టీ 1,890, కలిపి నెలకి 12,390 రూపాయలు. ఊళ్లో వాళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నాలుగు రూపాయలకు పైన వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్ల గడప కూడా నాన్న ఎన్నడూ తొక్కలేదు.

ఇప్పుడు నువ్వు కడుతున్న మినిమమ్ చూడు. బాకీలో 5 శాతం, అంటే 15,000. అందులో 12,390 వడ్డీకే పోతే అసలు తగ్గింది 2,610. పైగా బాకీ తగ్గే కొద్దీ బిల్లు మీద మినిమమ్ కూడా తగ్గుతుంది కాబట్టి, బిల్లులో చూపించినంతే కడుతూ పోతే 3 లక్షలు లక్షన్నర కావడానికే ఆరేళ్లకు పైగా పడుతుంది. అదీ కొత్తగా ఒక్క రూపాయి వాడకపోతే.

అదే బిల్లులో ఎంత చూపించినా నువ్వు మాత్రం ప్రతి నెలా 15,000 తగ్గకుండా కడితే 44 నెలల్లో తీరుతుంది. కట్టేది మొత్తం ఆరున్నర లక్షల దాకా. పైన ఇంకో పదివేలు సంపాదించి నెలకి 25,000 కడితే 17 నెలలే, మొత్తం నాలుగుంపావు లక్షల లోపు. నెలకి పదివేలు ఎక్కువ కట్టినందుకు రెండు లక్షల పైచిలుకు మిగులుతోంది. ఈ ఒక్క లెక్క మరదలికి చూపించు. "సాయంత్రాలు కూడా పనేనా" అని ఆమె బాధపడుతోందని నాకు తెలుసు. ఆ కష్టం ఎన్నాళ్లో ముందే తెలిస్తే ఇంట్లో వాళ్లకి కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఆ పదివేలు ఎక్కణ్ణించి వస్తాయన్నది నువ్వడిగిన ప్రశ్న. నేనైతే నీకు వచ్చిన పనినే నమ్ముకోమంటాను. ఇన్నేళ్లు అకౌంట్స్‌లో పనిచేశావు, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ నీకు వెన్నతో పెట్టిన విద్య. చిన్న షాపుల వాళ్లకి పూర్తి జీతమిచ్చి అకౌంటెంట్‌ని పెట్టుకునే స్తోమత ఉండదు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకి 11వ తేదీకి అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే 3బీ వెళ్లాలి. ఆ రెండు తేదీల ముందు వాళ్ల టెన్షన్ నీకు తెలిసిందే. అలాంటి వాళ్లు నలుగురు దొరికి ఒక్కొక్కరు నెలకి రెండున్నర వేలు ఇచ్చినా పదివేలు అవుతుంది. ఆదివారాలు, ఆ తేదీల ముందు రెండు మూడు సాయంత్రాలు పెడితే సరిపోతుందనుకుంటా. మొదలుపెట్టే ముందు మాత్రం నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. బయట పని చేయకూడదని రాసుంటే మేనేజర్‌కి చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకో. అప్పు తీర్చబోయి ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు. ఆ ఆదాయం రిటర్న్‌లో చూపించాలని నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఫోన్లో వచ్చే "ఇంట్లో కూర్చుని రోజుకి రెండు వేలు" మెసేజ్‌ల జోలికి వెళ్లకు. వీడియోలకి లైకులు కొడితే మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు. ఆ తర్వాత పెద్ద టాస్క్ అని చెప్పి ముందు డబ్బు కట్టమంటారు. పని ఇచ్చేవాడు మనకి డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోడు. అప్పుల్లో ఉన్నవాళ్లే వీళ్లకి తొందరగా దొరుకుతారు. అందుకే మరీ మరీ చెబుతున్నా.

ఇక కార్డుల సంగతి. ఇది కొంచెం నిదానంగా చదువు.

పెట్రోలుకీ సరుకులకీ ఇంకా కార్డే వాడుతున్నానని, పాయింట్లు వస్తున్నాయని అన్నావు. బిల్లు మొత్తం కట్టేవాళ్లకే నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు. కిందటి బిల్లులో కొంత మిగిలిపోతే ఆ గడువు పోతుంది. అప్పుడు కొత్తగా కొన్న ప్రతిదానికీ, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఒక శాతం విలువ చేసే పాయింట్ల కోసం నెలకి నాలుగు శాతం వడ్డీ కడుతున్నావన్నమాట. ఈ ఉత్తరం చదివిన రోజే మూడు కార్డులూ మరదలి చేతికి ఇచ్చెయ్. ఫోన్లో యాప్‌లలో సేవ్ చేసి ఉన్న కార్డు నంబర్లు కూడా తీసెయ్. ఖర్చులన్నీ బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బుతోనే జరగాలి. మొదటి రెండు నెలలు బాగా ఇరుకుగా ఉంటుంది. తెలుసు నాకు.

కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీయడం అసలే వద్దు. దానికి ఫీజు వేరు, గడువు ఒక్క రోజు కూడా ఉండదు. ఒక కార్డు బిల్లు కట్టడానికి ఇంకో కార్డు ఎవరి మెషీన్‌లోనో గీకి, కమిషన్ పోను నగదు తీసుకునే రొటేషన్ కూడా వద్దు. బాకీ అంతే ఉంటుంది, ప్రతిసారీ కమిషన్ మాత్రం పోతుంది.

ఇంకో మాట. వడ్డీ రోజువారీ బాకీ మీద లెక్క కడతారు. కాబట్టి షాపు వాళ్లు 8వ తేదీన పదివేలు ఇస్తే, 25వ తేదీ డ్యూ డేట్ కదా అని ఆగకు. ఆ రోజే కట్టేస్తే 17 రోజుల వడ్డీ, సుమారు 230 రూపాయలు మిగులుతాయి. చిన్న మొత్తమే, కానీ దీనికి వేరే కారణం కూడా ఉంది. ఖాతాలో ఉన్న డబ్బుకి ఏదో ఒక అవసరం వచ్చి పడుతూనే ఉంటుంది. మూడు కార్డులకీ మినిమమ్ ఆటో డెబిట్ పెట్టుకో, లేట్ ఫీజు పడదు, మన అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్‌లో మచ్చ రాదు. డ్యూ డేట్ జీతం తేదీకి కుదరకపోతే బిల్లింగ్ సైకిల్ మార్చమని అడుగు. ఆ అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది.

ముందు ఏ కార్డు తీర్చాలి? వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చడమే లెక్క ప్రకారం సరైనది. కానీ నీ మూడు కార్డుల వడ్డీలూ దాదాపు ఒకటే కాబట్టి చిన్న బాకీతో మొదలుపెట్టు. ఒక కార్డు సున్నా అయితే నీకు కాస్త ఊపిరి ఆడుతుంది. అన్నిటికంటే చిన్నది, ఆ 45,000 బాకీ ఉన్న కార్డు నేను తీరుస్తాను. నాకున్న హెచ్1బి వీసా మీద నన్ను స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. సాయంత్రాలు ఇంకేదైనా చేసి నీకు పంపుదామన్నా కుదరదు. ఇది మా పొదుపులోంచి మీ బావా నేనూ అనుకుని పంపుతున్నది. తిరిగి ఇవ్వాలని పెట్టుకోకు. ఒక్కటే అడుగుతున్నాను, బాకీ సున్నా అయిన రోజే ఆ కార్డు మూసేయమని బ్యాంకుకి రాసివ్వు. 7 పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకి 500 చొప్పున బ్యాంకే నీకు ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన.

మిగతా రెండు కార్డుల బాకీకి నీ జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోను అడిగి చూడు. ఉదాహరణకి ఏడాదికి 14 శాతానికి ఇచ్చారనుకో. పై లెక్కతో పోల్చడానికి మొత్తం 3 లక్షల మీదే చూస్తే, మొదటి నెల వడ్డీ 3,500. కార్డు మీద 12,390. అదే 25,000 చొప్పున ఈ లోనుకి కడితే సుమారు 13 నెలల్లో తీరిపోతుంది. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీరిస్తే పడే ఛార్జీ ఎంతో అడిగి తెలుసుకో. కార్డు బ్యాంకు వాళ్లు "బాకీని ఈఎంఐగా మారుస్తాం" అంటే, ఆ ఈఎంఐ వడ్డీ మీద కూడా జీఎస్టీ పడుతుందని గుర్తుపెట్టుకుని పోల్చు. లోను రాకపోతే తన బంగారు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టుకోమని అమ్మ అందట. వద్దని కొట్టిపారేయకు. బంగారం మీద వడ్డీ కార్డు వడ్డీలో చాలా తక్కువ వంతు. కానీ అమ్మ గాజులకి వేలం నోటీసు వచ్చే పరిస్థితి రాకూడదు. జీతంలోంచి కచ్చితంగా కట్టగలిగినంతకే పెట్టు. లోను డబ్బుతో కార్డు బాకీ తీర్చిన రోజే కార్డు లిమిట్ తగ్గించమని అడుగు. లోను తీసుకున్నాక ఖాళీ అయిన కార్డు మళ్లీ నిండితే, అప్పుడు రెండు అప్పులూ మీద పడతాయి.

ఏడాదికి 30 శాతానికి మించి కార్డు వడ్డీ వేయకూడదని కోర్టు చెప్పిందని, కట్టనక్కర్లేదని నీ ఫ్రెండ్ అన్నాడని చెప్పావు. అది 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పు. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మాట పట్టుకుని కూర్చోవద్దు. అలాగే "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేసినా తొందరపడకు. సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడితే రేపు ఇల్లు కట్టుకోవడానికి లోను అడిగినప్పుడు అది అడ్డొస్తుంది. కట్టే దారి ఉన్నవాళ్లకి అది పనికిరాదు. సిబిల్‌తో పాటు ఇలాంటి రిపోర్టులిచ్చే మిగతా మూడు కంపెనీలు కూడా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకటి తెప్పించుకుని చూడు.

నన్ను బాగా కలచివేసింది నాన్నకి వచ్చిన ఫోన్. ఒక కార్డు ఒక నెల ఆలస్యమైనందుకు, రాత్రి తొమ్మిదికి ఆయనకి ఫోన్ చేసి "మీ అబ్బాయి ఎక్కడ" అని గద్దించారట. ఆపరేషన్ అయిన మనిషి. అలా చేసే హక్కు వాళ్లకి లేదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, ఇంట్లో వాళ్లని వేధించకూడదు. ఇవన్నీ రిజర్వ్ బ్యాంకు నిబంధనలే. ఆ ఫోన్ వచ్చిన తేదీ, టైము, నంబరు రాసి బ్యాంకుకి ఫిర్యాదు మెయిల్ పెట్టు. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. బాకీ ఉన్నంత మాత్రాన ఎవరి చేతా మాటలు పడాల్సిన పని లేదు. మీ ఇంట్లో ఎవరికీ లేదు.

నాన్నకి మాత్రం విషయం నువ్వే చెప్పు. తన వల్లే ఈ అప్పు అని ఆయన లోపల కుమిలిపోతున్నాడని మరదలు అంది. 17 నెలల లెక్క ఆయనకి కూడా చూపించు.

ఈ ఆదివారం లోపు మూడు కార్డుల తాజా స్టేట్‌మెంట్లు ఫోటో తీసి పంపు. కార్డు నంబరు మీద వేలు పెట్టి తియ్యి, ఫోన్లో అవి ఉండటం మంచిది కాదు. ఒక్కో కార్డు వడ్డీ రేటు, డ్యూ డేట్, అందులో ఈఎంఐలు ఏమైనా ఉంటే అవీ నాకు కావాలి. అవి వచ్చాక సరైన అంకెలతో పట్టిక మళ్లీ వేసి పంపుతాను. 45,000 సోమవారం నీ ఖాతాలో వేస్తాను.

అమ్మానాన్నలకి నా నమస్కారాలు. మరదలికి, పిల్లలకి నా ఆశీస్సులు.

మీ అక్క